ఫిలోమినా అరగదీసిన నేల

ఫిలోమినా నన్ను మొదట అడిగింది నేల గురించి కాదు. మా పాప బుజ్జి ఊపిరి గురించి.

ఆ ఉదయం ఆమె మా ఇంటి గేటు ముందు ట్రాలీ ఆటో దిగింది. వెనక తాళ్లతో కట్టిన గ్రైండింగ్ మిషన్, దాని పక్కన మనిషంత ఎత్తున్న, దుమ్ము పీల్చే వాక్యూమ్. నలభై అయిదు దాటిన మనిషి. మగవాళ్ల చొక్కా, ప్యాంటు వేసుకుంది. జుట్టంతా ముడివేసి గుడ్డ టోపీలో దోపింది. చేతికి గాజు లేదు, మెడలో గొలుసు లేదు. నేను బుజ్జిని చంకనేసుకుని మేడ దిగింది ఆమెతో గొడవ పెట్టుకోవడానికే. నేను నోరు తెరిచేలోపే ఆమె వంగి బుజ్జి వీపుకు చెవి ఆనించింది.

“పిల్లికూతలా?”

“అవునక్కా. పుట్టినప్పటి నుంచి ఉన్నయి. జర దుమ్ము తగిల్తే చాలు, ఇగ నిద్ర ఉండదు.”

“మా రహమత్ నగర్ ఇంట్లోనూ ఓ పిల్లి ఉందమ్మా. ముసలి పిల్లి. శాంతరాజని పేరు. నాలుగు మెట్లెక్కాడంటే కూత మొదలు.”

తన భర్త గురించి చెబుతోందని అర్థం కావడానికి నాకు క్షణం పట్టింది.

“ఇదే మిషన్ తోసి తెచ్చుకున్నాడు ఆ కూత” అంది, ఆటో వైపు చూపించి.

గొడవ మాట పక్కనపెట్టి గేటు తెరిచాను.

మేముండేది ఫిల్మ్‌నగర్ ఏటవాలు వీధిలో, పెద్ద బండను ఆనుకుని కట్టిన ఇంట్లో, మొదటి అంతస్తులో. మా ఆయన కమలాకర్ ఎడిటింగ్ గదుల్లో పనిచేస్తారు కాబట్టి ఇక్కడ అద్దెకున్నాం. కింది హాలు శ్రీకాంత్ మాస్టర్ తీసుకున్నాడు. మోతీనగర్‌లో పుట్టి పెరిగినవాడు. సినిమాల్లో గ్రూపు డాన్సర్‌గా మొదలై డాన్స్ మాస్టర్ అయ్యాడు. పిల్లలకు డాన్సు నేర్పాలని హాల్లో పాత టైల్సు పీకించి కొత్తగా కాంక్రీటు పోయించాడు. అది బాగా గట్టిపడింది. ఇక పైపొర అరగదీసి నున్నగా చేయించాలి.

నా భయం అక్కడే. నేను భూగర్భశాస్త్రం చదివాను, యూసుఫ్‌గూడలో ఒక బడిలో సైన్సు చెబుతాను. కాంక్రీటులోని ఇసుక, కంకర అరిగితే కంటికి కనబడనంత సన్నని పొడి అవుతాయి. కనబడే దుమ్ము చాలావరకు ముక్కులోనే చిక్కుకుంటుంది. కనబడనిది ఊపిరితిత్తుల అడుగుదాకా పోయి అక్కడే ఉండిపోతుంది. ఒకరోజు బుజ్జిని తీసుకుని ఎటైనా వెళ్లిపోవచ్చు. కానీ ఆ పొడి ఒక్కసారి మెట్లెక్కి మా గదుల్లోకి వచ్చిందంటే పరుపుల్లోనూ కర్టెన్లలోనూ దిగబడుతుంది. ఎంత దులిపినా పోదు, దులిపితే లేస్తుంది. మళ్లీ ఎక్కువైతే బుజ్జిని ఆసుపత్రిలో చేర్చక తప్పదని డాక్టరు అప్పటికే చెప్పారు.

ఇదంతా ఆమెకు చెప్పాను. ఆమె అడ్డు రాకుండా విన్నది.

“అయితే ఓ పని చెయ్యి. నా మాట నమ్మబాక. మెట్ల మీద నల్లటిదేదన్నా పెట్టు. దాని మీద తెల్లగా పడిందనుకో, వచ్చి కేకెయ్యి. ఆపేస్తా. ఎందుకూ ఏమిటీ అని అడగను.”

నేను బుజ్జి పలక తెచ్చి, తడిగుడ్డతో తుడిచి, మెట్ల మలుపులో పెట్టాను.

“భలే! ఏమీ రాయకుండా ఉంటేనే పాసయ్యే పరీక్ష” అని పెద్దగా నవ్వింది.

బుజ్జిని మేడ మీద మా అత్తగారి దగ్గర వదిలి, కిటికీలన్నీ మూయించి, నేను మాస్కు కట్టుకుని కింది హాలు కిటికీ బయట నిలబడ్డాను. అద్దంలోంచి లోపలంతా కనిపిస్తోంది.

రోజూ ఫిలోమినాతో వచ్చే మనిషి ఆరోజు రాలేదు. వెనక కేబుల్ పట్టుకోవడానికి మాస్టర్‌నే నిలబెట్టింది. అతను మొహానికి బిగుతుగా మాస్కు తగిలించుకుని, చేతిలో కొబ్బరికాయ, కర్పూరంతో వచ్చాడు.

“అది గేటు బయట కొట్టండి మాస్టారూ” అంది ఫిలోమినా.

“ఏందక్కా, మంచి పని మొదలుపెడుతున్నం. నేల మీద కొట్టకుంటే ఎట్ల? సెంటిమెంట్ అది.”

“నీళ్లు పడితే అక్కడ పొడి ముద్దయిపోయి కింద తిరిగే డిస్కుకు అంటుకుంటుంది. వాక్యూమ్ ముద్దని పీల్చలేదు. అప్పుడు నీ సెంటిమెంటే గీతలు గీతలుగా కనపడుద్ది. బయట కొట్టు. దేవుడు గేటు దాకా రాడా ఏంటి?”

మాస్టర్ సణుక్కుంటూ బయటే కొట్టి వచ్చాడు. ‘మాస్టారూ’ అని ఆమె వెక్కిరింతగా పిలవడంలో పాత చనువేదో ఉందని నాకు అప్పుడే అనిపించింది. తర్వాత తెలిసింది. ఇద్దరూ ఒకప్పుడు ఒకే గ్రూపులో, వెనక వరసలో పక్కపక్కన ఆడినవాళ్లు.

ఫిలోమినాది చీరాల. తల్లి సినిమా వాళ్లకు బట్టలు కుట్టేది. కృష్ణానగర్‌లో అద్దెగదిలో పెరిగింది. కూచిపూడి నేర్చుకుని, సినిమా పాటల్లో చేరింది. ఒక వాన పాట కోసం సెట్టులో నేలను కెమెరాకు అద్దంలా మెరవాలని పాలిష్ చేయించారు. దాని మీద నీళ్లు కురిపించారు. ఆ నీళ్లలో ఆమె కాలు జారింది, మోకాలి చిప్ప విరిగింది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు గ్రూపు గదికి వెళ్లి తన గజ్జెలు ఒక మూలకు విసిరికొట్టి బయటికి నడిచిందట. తర్వాత పెళ్లి చేసుకున్న శాంతరాజు సినిమా సెట్లలో నేలలు అరగదీసే పనివాడు. మూతికి జేబురుమాలు కట్టుకుని రోజంతా పొడి దుమ్ములో పనిచేసేవాడు. ఎవరైనా జాగ్రత్త చెబితే నవ్వేవాడట. సెట్టులో దుమ్ము కావాలంటే ఫ్యాను పెట్టి పొడి చల్లుతారు, షాటు అయిపోగానే అందరూ దులుపుకుని టీ తాగుతారు. దుమ్ము అంటే వాళ్లకు ఒక ఎఫెక్టు, అంతే. అతని ఊపిరి తగ్గిపోయాక మిషన్ హ్యాండిళ్లు ఫిలోమినా పట్టుకుంది.

హాలు తలుపుకు రెండు పొరల ప్లాస్టిక్ షీటు అంటించింది. చెప్పులు విడిచింది. వంగి నేలను చేత్తో తాకి కళ్లకద్దుకుంది. ఆట మొదలుపెట్టే ముందు డాన్సర్లు చేసే నమస్కారమే అది. కానీ ఆమె అంతటితో ఆగలేదు. విరిగిన కాలు చాచి, ఒంటి మోకాలి మీద కూర్చుని అరచేత్తో నేలనంతా తడుముతూ పోయింది. పైకి లేచిన మేకు, పగులు, దిగబడిన చోటు ఏదైనా ఉందేమోనని. జేబులోంచి ఒక మేకు తీసి నేల మీద గీసి గీత ఎంత లోతు పడిందో చూసింది. డిస్కులకు బిగించే వజ్రపు పొడి బిళ్లల్లో గట్టి నేలకు ఒక రకం, మెత్త నేలకు ఇంకో రకం. చూసి, ఎంచుకుని, మిషన్ తల పైకెత్తి బిళ్లలు బిగించింది. అప్పుడు బూట్లు తొడుక్కుంది. మొహానికి గాలి వడకట్టే రెండు డబ్బాలున్న రబ్బరు మాస్కు, చెవులకు కప్పులు, కళ్లకు అద్దాలు. మాస్కు వేసుకుని డబ్బాల రంధ్రాలను రెండు అరచేతులతో మూసి ఊపిరి పీల్చింది. మాస్కు మొహానికి అతుక్కుపోయింది. సందు లేదని అలా తెలుస్తుంది.

ముందు వాక్యూమ్ ఆన్ చేసింది. తర్వాతే మిషన్.

నేను ఊహించుకున్నది వేరు. తెల్లటి మేఘం లేస్తుందని, కిటికీ అద్దం కనబడకుండా పోతుందని అనుకున్నాను. ఏమీ లేవలేదు. మిషన్ తల చుట్టూ ఉన్న రబ్బరు అంచు నేలను అంటుకుని ఉంది. అరిగిన పొడంతా అటునుంచి అటే గొట్టంలోకి పోతోంది. శబ్దం మాత్రం గోడల్లోంచి నా పళ్లలోకి దిగింది.

ఆమె ఆ మిషన్‌ను తోయడం లేదు. ఎడమకాలు మీద బరువు వేస్తే అది ఎడమకు జరిగింది. కుడికి వాలితే కుడికి వచ్చింది. నడుము, తుంటి, మడమ, అంతే. చేతులు హ్యాండిళ్ల మీద ఊరికే ఆనినట్టున్నాయి. అర్ధచంద్రాకారంగా ఒక ఊపు, ఆ ఊపు అంచు మీదుగా మరో ఊపు. ఎక్కడా ఆగదు. డిస్కు తిరుగుతూ ఒకచోట నిలిచిందంటే అక్కడ గుంట పడుతుంది. తనకంటే నాలుగైదు రెట్లు బరువున్న ఇనుము ఆమె అడుగు వెంట మెల్లగా ఆడుతూ వెనక్కి వస్తోంది. కెమెరాలు వెనక వరసలో ఏనాడూ పట్టించుకోని ఆ నడకను నేను కిటికీలోంచి కళ్లార్పకుండా చూశాను.

మిషన్ జరిగిన చోట నేల మారిపోయింది. బూడిదరంగు పొర కింద నుంచి రాళ్లు బయటపడ్డాయి. గులాబీ రంగువి, నల్లవి, గాజులా మెరిసేవి. అవి నాకు తెలిసిన రాళ్లే. ఈ కొండల రాళ్లు. మా ఇల్లు ఆనుకుని ఉన్న బండ కూడా అదే జాతి. జూబ్లీహిల్స్ అంతటా రోడ్ల కోసం, మేడల కోసం పగలగొట్టిన గ్రానైటు. రెండువందల యాభై కోట్ల ఏళ్లని తరగతిలో లెక్కగా చెబుతుంటాను. ఆ రోజు అది లెక్కలా లేదు. భూమి మీద ఒక ఆకు గానీ ఒక చేప గానీ లేనప్పుడు గడ్డకట్టిన రాయి, కంకరైపోయి, సిమెంటులో కూరుకుపోయి, ఒక మనిషి నడుము ఊపు కింద మళ్లీ వెలుతురు చూస్తోంది. అలా ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. బుజ్జి పలక సంగతి మర్చిపోయాను.

మిషన్ హాలు మధ్యకు వస్తుంటే మాస్టర్ నడక మారింది. కేబుల్ పట్టుకుని వెనకడుగు వేస్తూ నేలనే చూస్తున్నాడు. ఏదో చెప్పబోయినట్టు చెయ్యి ఎత్తాడు, దించేశాడు.

ఫట్‌మని మోగింది. మిషన్ ఒక్కసారిగా కుడికి విసిరినట్టు తిరిగింది. వాక్యూమ్ గొట్టం ఊడి నేల మీద పడింది. రబ్బరు అంచు చీలి, దాని కింద నుంచి తెల్లటి పొగ చిమ్మింది. ఫిలోమినా మిషన్‌తో పెనుగులాడలేదు. అది లాగిన వైపే రెండడుగులు దానితోపాటు వేస్తూ బొటనవేలితో ఎర్ర బటన్ నొక్కింది. డిస్కులు తిరుగుడు ఆపేలోపే వంగి, ఊడిన గొట్టం అందుకుని, పొగ చిమ్ముతున్న చీలికకు అదిమి పట్టింది. వాక్యూమ్ మాత్రం ఆపలేదు. పొగ వెనక్కి మళ్లి గొట్టంలోకి పోవడం నేను కళ్లారా చూశాను.

మాస్టర్ మాత్రం కేబుల్ పారేసి తలుపు వైపు పరుగెత్తాడు. ప్లాస్టిక్ షీటు పర్రున చిరిగింది. అతని వెనకే దుమ్ము మెట్ల వైపు వెళ్లింది.

నేను పరుగెత్తి మెట్ల మలుపు చేరాను. పలక మీద వేలితో గీశాను. సన్నగా, కానీ స్పష్టంగా, నల్లటి గీత పడింది.

పైకి పోయి తలుపు సందుల్లో తడి తువ్వాళ్లు కుక్కాను. బుజ్జి నానమ్మ ఒళ్లో బొమ్మ లారీ తోస్తోంది. వీపుకు చెవి పెట్టాను. పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. 

కిందికి వచ్చి పలక ఫిలోమినాకు చూపించాను.

“ఆపాలక్కా” అన్నాను.

“ఆపేశానమ్మా.” నిజంగానే మిషన్ ప్లగ్గు పీకేసి ఉంది. అప్పటికే వాక్యూమ్ గొట్టంతో మెట్లను కింది నుంచి పైకి ఒక్కొక్కటీ పీలుస్తోంది. “చీపురు మాత్రం పట్టనీయబాక. దుమ్మును లేపేది అదే. తడిగుడ్డతో తుడిపిద్దాం.”

తుడిచాం, ఇద్దరం కలిసే. ఆ తర్వాత ఆమె మిషన్ తల పైకెత్తి చూసింది. ఒక డిస్కు మీద వజ్రపు బిళ్ల ఊడిపోయి ఉంది. నేల మీద అది తగిలిన చోట పసుప్పచ్చగా ఏదో మెరిసింది.

“బంగారమా మాస్టారూ? చెప్పుంటే పార తెచ్చుకునేదాన్ని కదా.”

నేను గోటితో గీకి చూశాను. “ఇత్తడక్కా. లోపల డొల్లగ ఉన్నది” అన్నాను.

మాస్టర్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మాస్కు తీసి చేతిలో పట్టుకున్నాడు.

“గజ్జెలు” అన్నాడు.

“ఏ గజ్జెలు?”

“కాంక్రీటు పోసిన నాడు పచ్చిమీద ఒక్కొక్కటి ఒత్తిన. చానా లోపలికే ఒత్తిన అనుకున్న. ఎవరికన్న చెప్తే ఫలం పోతదని చెప్పలే. సెంటిమెంట్ అక్కా.”

“నీ సెంటిమెంటు తగలెయ్య! మిషన్ తిరిగి నా కాలి మీదకొచ్చుంటే? పైనుంది చిన్నపిల్ల! ఆ గజ్జెలేవో నీ మెళ్లో కట్టుకుని ఊరేగకపోయావా?”

“నావి గావక్కా. నీవే.”

ఫిలోమినా చేతిలో ఉన్న గుడ్డ కదలడం ఆగింది.

“ఆ దినం మూలకు కొట్టి పోయినవు గద. ఏరుకొని దాచిపెట్టిన. ఎప్పటికన్న నాదొక ఫ్లోర్ అంటూ అయితే అందుల్నే వెయ్యాలె అనుకున్న. ఆ ఫ్లోర్ నువ్వే చెయ్యాలనే గద నిన్ను పిలిచిన.”

ఆమె గుడ్డ పక్కన పెట్టింది. వంగి ఆ పసుప్పచ్చ ముక్క మీద వేలు పెట్టి నెమ్మదిగా చుట్టూ తిప్పింది. తర్వాత లేచి అతని వీపు మీద అరచేత్తో గట్టిగా ఒకటి చరిచింది.

“నా గజ్జెల్ని నా మిషన్‌కే అడ్డం పెట్టావు కదరా, దరిద్రుడా!” అంది. గొంతు మాత్రం తిట్టేటప్పటి గొంతు కాదు.

ఇద్దరూ నా వైపు తిరిగారు. ఆపమన్నది నేను. మళ్లీ మొదలుపెట్టాలంటే నేనే అనాలి. ఇంకా ఎన్ని గజ్జెలు ఎక్కడెక్కడ ఉన్నాయో మాస్టర్‌కే గుర్తు లేదు. సంబరంలో ఎక్కడ పడితే అక్కడ ఒత్తాడట. షీటు చెక్కుచెదరనంతసేపు ఆమె దుమ్ము బయటికి రానివ్వలేదు, నేను చూశాను. వచ్చింది షీటు చిరిగాకే. మళ్లీ అలాంటి కుదుపు రాకూడదు. నాకు కావలసింది అదొక్కటే.

“గజ్జెల లోపల ఇనుప గుండ్లు ఉంటయి గద?” అని అడిగాను.

“ఉంటయి. అవే మోగేది” అన్నాడు మాస్టర్.

బడిలో పిల్లలకు చూపించే బలమైన అయస్కాంతం బిళ్ల మా ఇంట్లో ఉంది. దానికి దారం కట్టి తెచ్చాను. ఫిలోమినా దారం పట్టుకుని, బిళ్లను నేలకు తగిలీ తగలనట్టు వేలాడదీసి, హాలంతా వంగి నడిచింది. మామూలు చోట బిళ్ల నిటారుగా ఊగింది. ఒక్కోచోట దారం పక్కకు లాగింది, ఎవరో కింద నుంచి పిలిచినట్టు. లాగిన ప్రతిచోటా నేను సుద్దముక్కతో సున్నా చుట్టాను. మాస్టర్ వెనకే వస్తూ, ప్రతి సున్నాకూ చేతులు జోడించాడు.

“మొక్కింది చాల్లే. షీటు కొత్తది అంటించు. ఇంకోసారి పరిగెత్తావంటే నిన్నే గ్రైండింగ్ చేస్తా” అంది ఫిలోమినా.

నేను సరే అన్నాను.

ఆ సున్నాల దగ్గరికి మిషన్ వెళ్లలేదు. వాటి చుట్టూ అంచుల దాకా అరగదీసి ఆపేసింది. పెద్ద పనంతా అయ్యి, వాక్యూమ్ సంచిని దులపకుండా మూతి కట్టి మరో సంచిలో పెట్టాక, నేల మీద కూర్చుంది. చేతిరాయి, చెంబుతో నీళ్లు. నీళ్లు చల్లుకుంటూ ఒక్కో గజ్జె పైన రుద్దింది. తడిలో పొడి లేవదు, బురదై వేళ్ల మధ్య జారుతుంది. ఒక్కో గజ్జె పైకప్పు అరిగి, బంగారు ఉంగరంలా గుండ్రంగా బయటపడింది. దాని మధ్య బోలులో సిమెంటు నింపి మళ్లీ రుద్దింది. ఆ తర్వాత రోజుల్లో నేల గట్టిపడే మందు పూసి, సన్న బిళ్లలతో మళ్లీ మిషన్ ఆడించింది.

“అద్దంలెక్క మెరవాలె అక్కా” అన్నాడు మాస్టర్.

“మెరవదు” అంది. “మొహం చూసుకోడానికి వేరే అద్దం కొనుక్కో. దీని మీద పిల్లల కాళ్లు నిలబడాలి.”

చివరిరోజు పలక మీద వేలు పెట్టి చూశాను. వేలికి ఏమీ అంటలేదు. గీతా పడలేదు. బుజ్జిని తీసుకుని కిందికి వచ్చాను. ఎండ కిటికీలోంచి పడి ఆ నేల మీద పరుచుకుంది. గులాబీ, నలుపు, గాజు మెరుపు, వాటి మధ్య ఎక్కడ పడితే అక్కడ ఇత్తడి ఉంగరాలు. అడుగు పెట్టడానికి నాకే బెరుకు వేసింది. బుజ్జికి అలాంటిదేమీ లేదు. చంకలోంచి జారి, ఒక ఉంగరం మీది నుంచి మరో ఉంగరం మీదికి దూకింది. దాని మీద నుంచి ఇంకోదాని మీదికి. ఫిలోమినా ఎదురుగా నిలబడి ఒంటికాలి మీద బరువు వేసి, చేతులు చాచి, ‘రా, రా’ అంటూ వెనక్కి నడిచింది. ఆ విరిగిన మోకాలు సరిగా వంగదు. అయినా ఆ నడక చూస్తే ఆ సంగతి గుర్తుకు రాదు.

బుజ్జి పడి, లేచి, నవ్వి, నవ్వు ఆగక మోకాళ్ల మీద కూలబడింది. నాకు భయం వేసి పరుగున వెళ్లి వీపుకు చెవి పెట్టాను. ఫిలోమినా రెండో వైపు వంగి తనూ చెవి పెట్టింది. విన్నాం. గాలి లోపలికి పోతోంది, బయటికి వస్తోంది. అంతే.

ఆమె జేబులోంచి ఫోను తీసి, స్పీకరు పెట్టి, బుజ్జి వీపు దగ్గర పట్టుకుంది.

“ఏవయ్యా, విను.”

అవతల నుంచి శాంతరాజు ఊపిరి బరువుగా వినిపించింది. పీల్చేటప్పుడు సన్నని కూత. ఆయాసంతో అన్నాడు.

“ఏంటి వినేది? ఏమీ వినపడటం లేదే!”

“అదేనయ్యా” అంది ఫిలోమినా, “నేను నిన్ను వినమంటున్నది.”